వెంట్రుకలుంటే జంతువే

సిటీ బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులను దాచిపెట్టి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు సంతకం పెట్టించుకుని అప్పగించడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా ఇదే. జనం పోగొట్టుకుంటేనే నాకు పొద్దుపోతుంది. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, జత లేని చెప్పులు, ఒకసారి ఒక నిలువుటద్దం, ఇంకోసారి వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోతున్న ఒక మామగారు. ఆ మామగారి కోసం అల్లుడు సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక కూడా సంతకం పెట్టే ముందు కాసేపు ఆలోచించాడు.

మా కంపెనీకి మూడు డిపోలు. డిపోకో పోయిన వస్తువుల గది. మొదటి డిపోలో గుమాస్తాను నేను. రెండో డిపోలో గుమాస్తా నా భార్యకు తమ్ముడు, అంటే సాక్షాత్తూ నా బావమరిది. మూడో డిపోలో ఒకావిడ ఉంది. ఆవిడ మాట్లాడగా విన్నవాళ్ళు కంపెనీలో లేరు.

నా బావమరిది గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒకటి, నిబంధన అంటే అతనికి ప్రాణం. గోడ మీద 'ఇక్కడ నిలబడరాదు' అని రాసి ఉంటే కూర్చుని చదువుతాడు. రెండు, అతనికి జుట్టు లేదు. ఇరవై ఐదో ఏటే మూకుమ్మడిగా రాజీనామా చేసి వెళ్ళిపోయింది. ఈ రెండో ముక్క మీద నేను ముప్పై ఏళ్ళుగా బతుకుతున్నాను. ఇంట్లో నలుగురు చేరితే చాలు, నా నోరు సరాసరి అతని నెత్తెక్కుతుంది. "వాన మొదలైన సంగతి మనందరికంటే ముందు మా బావమరిదికి తెలుస్తుంది" అంటాను. "వీడు ముఖం కడుక్కోవడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక ఆఫీసుకి ఆలస్యమైపోతాడు" అంటాను. అందరూ నవ్వుతారు. అతనూ నవ్వుతాడు, కాకపోతే కొంచెం ఆలస్యంగా, కొంచెం తక్కువగా.

ఇక అసలు సంగతి. నా నెత్తి మీదున్నది విగ్గు.

పంతొమ్మిదేళ్ళ కిందట నా జుట్టు కూడా చెప్పాపెట్టకుండా పోయింది. పోయిన వస్తువుల గుమాస్తానే అయినా దాన్ని మాత్రం వెనక్కి తెచ్చుకోలేకపోయాను. వారం రోజులు సెలవు పెట్టి విగ్గుతో తిరిగొచ్చాను. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే: విగ్గు కుట్టినవాడు, నన్ను కట్టుకున్నది. మిగతా లోకానికంతటికీ పంతొమ్మిదేళ్ళుగా నేను విగ్గుతోనే టోపీ పెట్టాను. అంటే మొదటి పదకొండేళ్ళు సొంత జుట్టుతో బావమరిదిని వెక్కిరించాను, తరవాతి పంతొమ్మిదేళ్ళు కొన్న జుట్టుతో వెక్కిరించాను. ఇది అతనికి తెలిసిన రోజున నేను తలెత్తుకు తిరగడం అటుంచి, అసలు తల బయటపెట్టడానికే ఉండదు.

ఇలా ఉండగా హెడ్డాఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. అప్పటిదాకా మూడు డిపోల్లో మూడు లావుపాటి పుస్తకాలు. ఒక డిపోలో రాసింది ఇంకో డిపోకి తెలియదు. గొడుగు పోగొట్టుకున్నవాడు మూడు డిపోలూ తిరిగి తడిసి ముద్దయ్యాక మూడోచోట గొడుగు దొరికేది. ఇక మీదట ముగ్గురమూ కంప్యూటర్లో ఒకే పద్ధతిలో రాయాలనీ, రాసింది పది నిమిషాలకోసారి మూడు చోట్లా కనబడాలనీ కంపెనీ ఉద్దేశం. ఆ పద్ధతికి మార్కప్ భాష అని పేరు.

"భాష అంటే వ్యాకరణం గట్రా నేర్చుకోవాలామ్మా?" అన్నాను.

"అక్కర్లేదు సార్. వస్తువు గురించి తెలిసిన ఒక్కో విషయాన్నీ ఒక్కో ట్యాగులో పెట్టాలి. ట్యాగు తెరవాలి, విషయం రాయాలి, ట్యాగు మూయాలి. అంతే." అంటూ నా ముందే టైపు చేసి చూపించింది.

<వస్తువు>
<రకం>గొడుగు</రకం>
<రంగు>నలుపు</రంగు>
<చోటు>తొమ్మిదో నంబరు బస్సు</చోటు>
</వస్తువు>

"మా ఆవిడ వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటిస్తుంది, అలాగన్నమాట."

"కరెక్టుగా అదే సార్. పెద్ద డబ్బాలో చిన్న డబ్బా కూడా పెట్టుకోవచ్చు."

"మూత పెట్టడం మరిచిపోతే?"

"కంప్యూటర్ ఊరుకోదు."

"మా ఆవిడా అంతే."

ఆ పూటంతా ఆమె నా భుజం మీదుగా చూస్తూ "మూశారా సార్, మూశారా సార్" అంటూనే ఉంది. సాయంత్రానికి ఆమెకి మూతలమ్మ అని పేరు పెట్టేశాను. ఆమె కోప్పడలేదు కూడా.

మర్నాడు ఆమె అసలు పని బయటకు తీసింది. "ఏ రకం వస్తువుకి ఏయే ట్యాగులు ఉండాలో పట్టిక కావాలి సార్. మీరు అనుభవజ్ఞులు, మీరే చెప్పండి. పట్టికలో లేని రకాన్ని కంప్యూటర్ తీసుకోదు. పట్టికలో ఉన్న ట్యాగు ఒక్కటి ఖాళీ వదిలినా తీసుకోదు."

అనుభవజ్ఞుడు అనేసరికి నా తల, పైనున్న దానితో సహా, ఒక అంగుళం లేచింది. గొడుగు, సంచి, పుస్తకం, పాత్ర, చెప్పు, బట్ట, యంత్రం, జంతువు అని గడగడా చెప్పాను. గుమాస్తాలు ఇది ఏ రకం అది ఏ రకం అని తగువులాడుకోకుండా ఒక్కో రకానికి ఒక్కో ప్రశ్న పెట్టమంది. పెట్టాను. కాలికి తొడుక్కుంటారా? చెప్పు. నీళ్ళు పోస్తే నిలుస్తాయా? పాత్ర. వెంట్రుకలున్నాయా? జంతువు.

మూతలమ్మ ఆగింది. "వెంట్రుకలున్నవన్నీ జంతువులేనా సార్? ఇంకేమీ రావా? అంటే, విగ్గుల్లాంటివి?"

ఆ మాట మా గదిలో వినబడటం అదే మొదటిసారి. నా మాడు మీద సన్నగా చెమట పట్టింది. విగ్గు అన్న రకం పట్టికలో చేరిందంటే, దానికి ట్యాగులేమిటి, ప్రశ్న ఏమిటి, నిజం జుట్టుకీ దానికీ తేడా ఎలా పట్టాలి అని ముగ్గురు గుమాస్తాలూ నా ఎదురుగా కూర్చుని చర్చిస్తారు. అందులో ఒకడు నా బావమరిది.

"ఇరవై ఆరేళ్ళ సర్వీసమ్మా," అన్నాను గట్టిగా. "ఒక్క విగ్గు రాలేదు. వెంట్రుకలుంటే జంతువే. రాసెయ్యండి."

రాసేసింది. జంతువులకు ఇంకో రెండు నిబంధనలు కూడా నేనే ఉదారంగా దానం చేశాను. ప్రాణమున్నది కాబట్టి మూడు రోజులకు మించి గదిలో ఉంచరాదు. మూడో రోజు నాలుగు గంటలకు జంతు సంరక్షణ కేంద్రం వాళ్ళ బండి వచ్చి తీసుకుపోవాలి. రెండోది, ఎవరు పడితే వాళ్ళు వచ్చి నా కుక్క అనకుండా, యజమాని సాక్షి ఎదుట పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. అది దగ్గరికొస్తేనే ఇవ్వాలి.

మొదటి వారంలోనే నా పట్టిక ప్రతాపం తెలిసొచ్చింది. గడ్డం గీసుకునే బ్రష్షు ఒకటి దొరికితే బావమరిది దాన్ని జంతువుల కింద రాశాడు. స్వభావం: మెత్తన. వయోలిన్ వాయించే కమాను ఒకటి దొరికింది. దాని తీగలు గుర్రపు తోక వెంట్రుకలట. రకం దగ్గర జంతువు అనీ, వివరం దగ్గర 'గుర్రం, కొంత భాగం' అనీ రాశాడు. నేను కుర్చీలో పడీపడీ నవ్వాను. ఫోను చేసి మరీ వెక్కిరించాను.

"నవ్వకు బావా," అన్నాడతను. "పట్టిక నీదే."

ఆ సోమవారం ఎండ మండిపోయింది. సాయంత్రం పద్నాలుగో నంబరు బస్సులో ఇంటికి బయల్దేరాను. వెనక నాలుగు సీట్ల దాకా మనిషన్నవాడు లేడు. మాడు ఉడికిపోతోంది. అటూ ఇటూ చూసి, విగ్గు తీసి పక్క సీటు మీద ఆరబెట్టాను. గాలి హాయిగా తగిలింది. అంత హాయి ఒంటికి మంచిది కాదు. కన్ను అంటుకుంది. మెలకువ వచ్చేసరికి మా స్టాపు దాటిపోతోంది. లేచి దూకేశాను. బస్సు వెళ్ళిపోయాక తల తడుముకుంటే చెయ్యి జారింది.

ఇంట్లో మా ఆవిడ తలుపు తీసి, ఒక క్షణం చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

మంగళవారం ఉన్ని టోపీ పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. నడివేసవిలో ఉన్ని టోపీ. చెవిపోటు అని చెప్పాను. కండక్టర్లు తలో వైద్యం చెప్పారు. ఒకతను చెవిలో ఊదుతానన్నాడు. కంప్యూటర్లో రెండు రోజులపాటు బట్టల కింద వెతికాను, సంచుల కింద వెతికాను, ఎందుకైనా మంచిదని పాత్రల కింద కూడా వెతికాను. బుధవారం సాయంత్రానికి ఆశ వదులుకున్నాను. గురువారం మధ్యాహ్నం రెండింటికి, పొద్దుపోక, బావమరిది కొత్తగా ఏ జంతువుల్ని పట్టాడో చూసి నవ్వుకుందామని ఆ వరస తెరిచాను.

<జంతువు>
<రంగు>నలుపు. అనుమానం వచ్చేంత నలుపు</రంగు>
<కాళ్ళు>కనబడలేదు</కాళ్ళు>
<తోక>లేదు, లేదా అంతా తోకే</తోక>
<వాసన>తలనూనె</వాసన>
<స్వభావం>నెమ్మది. ముట్టుకుంటే కరవలేదు</స్వభావం>
<ఆహారం>పాలు పెట్టాను. తాగలేదు</ఆహారం>
<పేరు>అడిగాను. చెప్పలేదు</పేరు>
<చోటు>పద్నాలుగో నంబరు బస్సు, వెనక నుంచి రెండో సీటు</చోటు>
</జంతువు>

దొరికింది సోమవారం. మంగళవారం నుంచి లెక్కేస్తే ఈ రోజు మూడో రోజు. బండి నాలుగింటికి. నేను నవ్వలేదు.

మూతలమ్మకి ఫోను చేశాను. "అమ్మా, పట్టికలో కొత్త రకం ఒకటి కలపాలంటే ఎంతసేపు?"

"ఐదు నిమిషాలు సార్. కాకపోతే మూడు డిపోల వాళ్ళూ ఒప్పుకోవాలి. ఎందుకు కావాలో కారణం రాయాలి. ఏం రకం సార్?"

"ఏం లేదమ్మా, ఊరికే విజ్ఞానం కోసం," అని పెట్టేశాను. ఇంటికి చేశాను.

"దొరికిందా?" అంది మా ఆవిడ.

"దొరికింది. మీ తమ్ముడి దగ్గరుంది. బోనులో."

"బోనులో ఎందుకండీ?"

"జంతువుల కింద రాశాడు. పాలు కూడా పెట్టాడట."

అవతల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న చప్పుడు వచ్చింది. అది సర్దుకునేదాకా ఆగి, "నువ్వెళ్ళి తీసుకురాకూడదూ. నీ తమ్ముడే కదా," అన్నాను.

"వెళ్ళి ఏమనమంటారు, నాదనా? అక్కకి గుండు అని సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చెప్తాడు. ముప్పై ఏళ్ళు వాణ్ణి ఆడిపోసుకుంది మీరు. తల మీది, నోరు మీది. మీరే వెళ్ళండి."

"పోయినట్టు నేను కూడా ఓ కాగితం నింపాలి. అందులో దానికి పేరు రాయాలట. ఖాళీ వదిలితే తీసుకోదు."

"నేను పిలిచే పేరే రాయండి."

మా ఇంట్లో రోజూ పడుకునే ముందు విగ్గును కొక్కేనికి తగిలిస్తాను. మా ఆవిడ దాన్ని పెద్దమనిషి అంటుంది. పొద్దున్నే "పెద్దమనిషి గారు కొక్కెం మీదే ఉన్నారు, మీరొక్కరే బయల్దేరుతున్నారా" అని అడుగుతుంది. వేరే పేరు తట్టే వ్యవధి లేదు. పోయిన జంతువుల ఫారం తెరిచి, రంగు నలుపు, కాళ్ళు లేవు, తోక లేదు, పేరు పెద్దమనిషి, మిగతావి అతను రాసినట్టే, అని టకటకా నింపాను. యజమాని దగ్గర నా పేరు రాయక తప్పలేదు. ఎనిమిది ట్యాగుల్లో ఆరు కలిస్తే కంప్యూటర్ దానంతట అదే జత కలుపుతుంది. రెండు నిమిషాల్లో ఆరూ కలిశాయి. వచ్చి పిలుచుకోవలసిందని నాకు కబురు, పిలిపించి అప్పగించవలసిందని బావమరిదికి కబురు, మొత్తం వ్యవస్థలో తొలి జంతువు యజమానిని చేరబోతోందని మూతలమ్మకి కబురు వెళ్ళాయి. ఆమెకి కబురు వెళుతుందని నాకు తెలియదు.

మూడున్నరకి నేను రెండో డిపోకి చేరేసరికి ఆమె అప్పటికే అక్కడ ఉంది. ముఖం వెలిగిపోతోంది. "సాక్షిగా నేనే సంతకం పెడతాను సార్. మన ఫైలు మొదటి కాపురం కలిపింది."

బావమరిది గది ఎప్పటిలాగే అద్దంలా ఉంది. ఇనుప అరలు, అరలకు నంబర్లు, ప్రతి గొడుగు మెడలో చీటీ. కిటికీ పక్క బల్ల మీద బోను. బోనులో వార్తాపత్రిక పరిచి, దాని మీద నా విగ్గు, పక్కన గిన్నెలో పాలు. ఫ్యాన్ గాలికి విగ్గు ఊపిరి తీస్తున్నట్టు లేస్తోంది, పడుతోంది.

"ఎప్పుడు కొన్నావు బావా?" అన్నాడు బావమరిది. "అక్క ఒక్క ముక్క చెప్పలేదే."

"ఈ మధ్యనే."

"ఏం జాతి?"

"సంకరజాతి."

"మూడు రోజుల్నించీ ఏమీ తినలేదు. నాకు బెంగగా ఉంది. ఫ్యాన్ ఆపితే పడుకుంటుంది, వేస్తే లేస్తుంది."

"ఒరేయ్," అన్నాను గొంతు తగ్గించి. "అది నిజంగా జంతువే అనుకుంటున్నావా?"

అతను నన్ను వింతగా చూశాడు. "నాకు కళ్ళు లేవా బావా? ఎవరో పాపం, విగ్గు పారేసుకున్నారు అనుకున్నాను. బట్ట కింద రాయబోతే కంప్యూటర్ అడిగింది, వెంట్రుకలున్నాయా అని. ఉన్నాయన్నాను. అయితే జంతువంది. నువ్వు పెట్టిన ప్రశ్నే. జంతువని రాశాక జంతువులాగానే చూడాలి కదా. మధ్యాహ్నం నీ కాగితం చూశాక, నాదే పొరపాటు, ఇది ఏదో బతికున్న జీవమే, బావ తన పెంపుడుదాన్ని తను గుర్తుపట్టడా అనుకున్నాను. అప్పుడు పాలు మార్చాను."

ఇంతమంచివాణ్ణి ముప్పై ఏళ్ళు వెక్కిరించానా అని ఒక క్షణం అనిపించింది. ఆ క్షణం గడిచేలోపు గుమ్మంలోకి సంరక్షణ కేంద్రం బండి డ్రైవరు వచ్చి నిలబడ్డాడు. చేతులకు మోచేతుల దాకా తోలు తొడుగులు.

"నాలుగు కావస్తోందండీ. ఇదేనా? పిల్లా, పెద్దా?"

"ఆగండి, యజమాని వచ్చారు," అన్నాడు బావమరిది. కంప్యూటర్ ముందు కూర్చుని, 'గుర్తుపట్టిందా' అన్న ట్యాగు తెరిచి, వేలు గాల్లో ఉంచి నా వైపు తిరిగాడు. "పిలు బావా."

"పెద్దమనిషీ," అన్నాను.

"ఆ గొంతు నాకే వినబడలేదు. దానికేం వినబడుతుంది?"

"పెద్దమనిషీ, ఇలా రా," అన్నాను గట్టిగా.

వరండాలో నడుస్తున్న ముసలి కండక్టరు ఒకాయన కిటికీలోంచి తల పెట్టి, "నన్నేనాండీ?" అన్నాడు. కాదని పంపించేశాం.

"రెండు," అన్నాడు బావమరిది.

"కొంచెం ప్రేమగా పిలవండి సార్," అంది మూతలమ్మ.

బోను దగ్గర వంగి, జీవితంలో మా ఆవిణ్ణి కూడా పిలవనంత ప్రేమగా, "పెద్దమనిషి గారూ, ఇంటికి పోదాం రండి," అన్నాను. విగ్గు ఒకసారి లేచింది, ఫ్యాన్ గాలికే. మళ్ళీ పడుకుంది.

"రాలేదు," అన్నాడు బావమరిది. అతని గొంతులో బాధ నిజంగానే ఉంది. "నిబంధన నిబంధనే బావా. నేనేం చెయ్యలేను. కేంద్రానికి వెళ్ళి అక్కడ అడుగు, వారంలో ఇస్తారు."

డ్రైవరు బోను ఎత్తాడు. "వారం పడుతుందండీ. దిగులుపడకండి, బాగా చూసుకుంటాం. రాగానే ముందు పేలు లేకుండా బొచ్చంతా నున్నగా గొరిగేస్తాం, ఆ తరవాత స్నానం, సూది..."

"గొరిగేస్తారా?"

"చర్మం కనబడేదాకా."

పంతొమ్మిదేళ్ళ నా తల చరిత్ర కళ్ళ ముందు తిరిగింది. గొరిగాక మిగిలేది ఒక చిన్న జల్లెడ గుడ్డ. దాన్ని నెత్తిన పెట్టుకుంటే పాలు వడగట్టడానికి వెళుతున్నట్టుంటాను. మాట్లాడకపోతే పరువుంటుంది, జుట్టుండదు. మాట్లాడితే జుట్టుంటుంది, పరువుండదు. జుట్టు లేని పరువును మాత్రం ఎంతకాలం ఉన్ని టోపీలో దాచగలను?

"దించు," అన్నాను డ్రైవరుతో. "అది ఎందుకు రాలేదో నాకు తెలుసు. టోపీలో ఉంటే నన్ను గుర్తుపట్టదు."

టోపీ తీశాను.

నేను ఎవరి వైపూ చూడలేదు. బోను తలుపు తీసి, రెండు చేతులతో విగ్గును ఎత్తి, మీద పడ్డ పాలచుక్క తుడిచి, నెత్తిన పెట్టుకున్నాను. తొందరలో వెనకది ముందుకొచ్చింది. మూతలమ్మ లేచి, విగ్గును మూత తిప్పినట్టు సగం చుట్టు తిప్పి సరిచేసింది.

డ్రైవరు తోలు తొడుగులు విప్పుకున్నాడు. "నేను వెళ్ళొచ్చాండీ?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. వరండా చివరిదాకా వెళ్ళాక అతని నవ్వు వినబడింది.

బావమరిది కంప్యూటర్ వైపు తిరిగి, టైపు చేస్తూ, పైకి చదివాడు. "గుర్తుపట్టిందా: అవును. వివరం: యజమాని తల ఎక్కి కూర్చుంది. దిగనంటోంది." ట్యాగు మూశాడు.

"సార్," అంది మూతలమ్మ. "విగ్గులు రావన్నారు."

"రాలేదమ్మా. ఇదే మొదటిది."

"ఇప్పుడు కొత్త రకం కలపనా?"

"కలపండి. కారణం దగ్గర నా పేరు రాసుకోండి."

పది నిమిషాలకి ఫైలు మూడు డిపోలకూ చేరింది. వెంటనే మూడో డిపో నుంచి ఫోను. ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు. ఆడమనిషి నవ్వు ఒకటి ఆగకుండా నిమిషంపాటు వినబడి, ఫోను పెట్టేసిన చప్పుడు వచ్చింది.

మూతలమ్మ పట్టిక పట్టుకుని బయటికెళ్ళాక మేమిద్దరమే మిగిలాం. బావమరిది బోనులోంచి పాలగిన్నె తీసి, కడిగి, బోర్లించాడు.

"ఎన్నేళ్ళు బావా?"

"పంతొమ్మిది."

"నన్ననడం మొదలుపెట్టి ముప్పై."

"అవును."

"మొదటి పదకొండేళ్ళవీ సరే. అప్పుడు నీకుంది, నాకు లేదు. అన్నావు, పడ్డాను. కానీ ఈ పంతొమ్మిదేళ్ళవీ నావి కావు కదా. నీ తలవి. నా తల మీద మరిచిపోయి దిగి వెళ్ళిపోయావు." అతను నవ్వడం లేదు, కోప్పడటమూ లేదు. గొడుగు గురించి మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు. "వచ్చి తీసుకెళ్ళు. ఇది పోయిన వస్తువుల ఆఫీసు. సంతకం పెట్టి తీసుకెళ్ళు."

"ఎలా తీసుకెళ్ళమంటావురా? మాటలు కదా."

"రాయి. ఒక్కో మాటా ఒక ట్యాగులో. అన్న రోజు ఇంకో ట్యాగులో. ఎవరెవరు నవ్వారో ఇంకోదాంట్లో. స్థితి దగ్గర 'యజమానికి అప్పగించడమైనది' అని రాయి. కింద నీ సంతకం."

కుర్చీ వదిలి నన్ను కూర్చోబెట్టాడు. నేను కొత్త ఫైలు తెరిచాను. వాన మాట రాశాను. ముఖం కడుక్కునే మాట రాశాను. కరెంటు పోయినప్పుడు ఇతన్ని మెట్ల మీద కూర్చోబెట్టుకుంటే సరిపోతుందన్న మాట రాశాను. మెల్లగా రాస్తున్నాను. రాసిన కొద్దీ అవి నా మాటల్లా లేవు. పక్కన జనం లేకపోతే ఇంత వెలవెలబోతాయని ఎప్పుడూ అనుకోలేదు. అతను వెనక నిలబడి, ఒకటి రెండు చోట్ల నేను మరిచిపోయిన ముక్క అందించాడు. ఒక్కటీ మరిచిపోలేదు మహానుభావుడు. నేను ఏ సంవత్సరం ఏ గదిలో అన్నానో, ఎవరు ముందు నవ్వారో కూడా చెప్పాడు. నేను "యజమానికి అప్పగించడమైనది" అని రాయడం, మూయడం, కింది దానికి వెళ్ళడం.

ముప్పై ఏడో మాట దగ్గరకి వచ్చాం. ఏడేళ్ళ కిందట అన్నది. "మా బావమరిది జుట్టు ఎక్కడికీ పోలేదు, సెలవు మీద ఉంది, రోజూ పొద్దున్నే సెలవు పొడిగించమని చీటీ పంపుతోంది."

వెనక ఏదో చప్పుడైంది. తిరిగి చూశాను. అతను గోడకి చెయ్యి ఆనించి నవ్వుతున్నాడు. ఆలస్యంగా కాదు, తక్కువగా కాదు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు.

"ఇది నేను అప్పట్లో సరిగ్గా వినలేదు బావా," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "అందరూ నవ్వుతుంటే మాట వినబడలేదు. చీటీ పంపుతోందా?"

"రోజూ పంపుతోంది."

"ఇది బాగుంది. ఇది నేనివ్వను."

"మరి స్థితి దగ్గర ఏం రాయమంటావు?"

అతను నిబంధనల కాగితం తీసి, వేలితో పైనుంచి కిందికి వెతికాడు. అలాంటి స్థితి అందులో లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఖాళీగా వదిలెయ్యి," అన్నాడు.

"తీసుకోదురా."

"తీసుకోకపోతే పోనీ. తరవాతది రాయి."